తొండంగాలికి ఏడు ఫొటోలు

తొండంగాలి వన్నూరుపల్లి మీదికి వచ్చిన రోజు కంబగిరి దానికి ఏడు ఫొటోలు తీశాడు. తీయవలసింది ఒక్కటే. ఆ నియమం అతనికీ డాక్టర్ భ్రమరాంబకూ బాగా తెలుసు. ఏడు తీస్తే ఏమవుతుందో మాత్రం ఆ రోజుకు ఇద్దరికీ తెలియదు.

కంబగిరి మొదట్లో పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు. ఉరవకొండ బస్టాండు వెనక చిన్న స్టూడియో ఉండేది. బళ్లారి దిక్కుగా పోయేకొద్దీ అక్కడ నేలంతా నల్లరేగడి. కొండ లేదు, గుట్ట లేదు. శనగ పీకేశాక, ఏప్రిల్ వచ్చేసరికి మైదానం బోడిగా పడి ఉంటుంది. వెనకటి వేసవుల్లో చిన్నచిన్న సుడిగాలులు లేచి, కాసేపు చెత్త ఎగరేసి, వాటంతటవే పడిపోయేవి. ఎండలు ఏటేటా ముదిరాయి. తొమ్మిదేళ్ల కిందట ఒక మధ్యాహ్నం మేఘం నుంచి నేల దాకా ఒక నల్లటి తాడు దిగి, రెండు గాలిమరలను విరిచి పొలాల్లో పారేసింది. పత్రికలు టోర్నడో అని రాశాయి. ఊళ్లలో వాళ్లకు అది ఏనుగు తొండంలా కనిపించింది. అప్పటి నుంచి తొండంగాలి అనే అన్నారు. ఆ తర్వాత అది రాని వేసవి లేదు.

దాన్ని చదవడానికి ప్రభుత్వం ఊరి బయట మూతపడిన పత్తి జిన్నింగు మిల్లులో ఒక పరిశోధన కేంద్రం పెట్టింది. దాని పెద్ద భ్రమరాంబ. నంద్యాల ఆమె. యాభై దాటింది, ఒంటరి మనిషి. ఆమె తయారుచేసిన కెమెరా చూడడానికి పాలక్యానంత ఉండేది. మామూలు కెమెరాకు గాలి ఒంటిమీద ఉన్న దుమ్ము తప్ప ఏమీ దొరకదు. ఈ కెమెరా కంటికి కనపడని ఒక మెరుపును గాలిలోకి వదులుతుంది. లోపల తిరుగుతున్న ప్రతి ధూళికణమూ రెప్పపాటు వెలుగుతుంది. ఆ రెప్పపాటులో బొమ్మ పడుతుంది. ఏ పొర ఎంత వేగంతో ఎటు తిరుగుతోందో అందులో ఉంటుంది. దాన్ని బట్టి మిల్లులో ఉన్న కంప్యూటరు, రాబోయే అరగంటలో ఆ గాలి ఏ దారిన పోతుందో గీత గీసి చూపిస్తుంది.

గురి చూడడం యంత్రానికి చేతకాలేదు. గాలిమరల రెక్కలను చూసి తొండమనుకునేది. మెరుపు వదలవలసిన క్షణం దాటిపోయేది. సరిగ్గా తాళి కట్టే క్షణానికి మీట నొక్కడం పద్దెనిమిదేళ్లుగా చేస్తున్నవాడు కాబట్టి కంబగిరిని పిలిపించి ఒకసారి చేసి చూడమంది భ్రమరాంబ. మొదటి ప్రయత్నంలోనే బొమ్మ దొరికింది. ఆ నెలాఖరుకు స్టూడియో మూసి అతను ఉద్యోగంలో చేరిపోయాడు.

మూడు వేసవుల్లో పద్నాలుగు గాలులకు ఫొటోలు తీశాడు. గాలికి ఒకటే ఫొటో. ఒకటి చాలు, ఎక్కువ తీస్తే మెరుపును వదిలే దీపం వేడెక్కి పాడవుతుందని భ్రమరాంబ చెప్పింది. పద్నాలుగుసార్లూ ముందే చెప్పి ఊళ్లు ఖాళీ చేయించారు. గీతకూ అసలు దారికీ ఎప్పుడూ ఒక అరకిలోమీటరు తేడా వచ్చేది. తన లెక్కలో ఎక్కడో చిన్న లోపం ఉందనీ, తీరికగా సరిచేస్తాననీ ఆమె అనేది. ఆ మూడేళ్లూ ఒక్క ప్రాణం పోలేదు.

ఊళ్లను నమ్మించింది మాత్రం కెమెరా కాదు, కంబగిరి భార్య శశిరేఖ. ఆమె హొన్నాపురం బడిలో టీచరు. ఆ బడికి కొత్తగా కాంక్రీటు గది కట్టారు. చుట్టుపక్కల ఊళ్లకు ఆపదలో ఆసరా అదే. శశిరేఖ సెలవు రోజుల్లో స్కూటీ మీద తిరిగి, సైరను మోగితే ఏం చేయాలో, ఏ ట్రాక్టరులో ఎవరు ఎక్కాలో ఇంటింటికీ చెప్పి వచ్చింది. అందరూ ఆమె మాట విన్నారు. విననిది ఆమె అత్త ఒక్కతే.

కంబగిరి తల్లి ఉలిగమ్మది వన్నూరుపల్లి. హొన్నాపురానికి దక్షిణంగా మూడు కిలోమీటర్లు. ఇటు మిద్దె మీద నిలబడితే అటు బడి కనిపిస్తుంది. ఉలిగమ్మ పాడికి రెండు ఎనుములను పెట్టుకుని ఒక్కతే ఉండేది. కొడుకు దగ్గరికి ఉరవకొండకు రమ్మంటే, అక్కడ ఎనుములను ఎక్కడ కట్టేయాలని అడిగేది.

మే నెల పద్నాలుగున మూడు గంటలప్పుడు పడమట మేఘం దిగింది. కంబగిరి కాలువ గట్టు మీద, గాలికి దక్షిణం వైపున జీపు ఆపి మొదటి ఫొటో తీశాడు. నాలుగు నిమిషాల్లో మిల్లు నుంచి భ్రమరాంబ మాట్లాడింది. తిన్నగా తూర్పుకు పోతోంది, వన్నూరుపల్లి మీదికే, ఇరవై నిమిషాలు ఉంది అని చెప్పింది. సైరన్లు మోగాయి. శశిరేఖ వన్నూరుపల్లి నుంచి మొదటి ట్రాక్టరు నింపుకుని హొన్నాపురం బడికి బయలుదేరుతూ భర్తకు ఫోను చేసింది. అందరూ వస్తున్నారనీ, అత్తమ్మ మాత్రం రానంటోందనీ, చేయి పట్టుకుని లాగినా కదలలేదనీ చెప్పింది. నువ్వు ఒకసారి మాట్లాడు, నాకు ఇక్కడ పిల్లలున్నారు అని పెట్టేసింది.

కంబగిరి తల్లికి ఫోను చేశాడు.

"అమ్మా, టాక్టరెక్కు. నీ కాళ్లు పట్టుకుంటా."

"పెద్దెనుము ఈనే పొద్దులో ఉండాది నాయనా. దాన్నిడిసిపెట్టి యాడికి రావల్ల? వస్తే రానీ. డెబ్బై ఏండ్లు సూస్తి ఈ గాలిని."

"ఇది ఆ గాలి కాదమ్మా."

"నువ్వు నీ పని సూసుకో. నాకేం కాదు."

అతను ఫోను జేబులో పెట్టుకుని, గాలి వెంబడే కాలువ గట్టు మీద జీపు తోలాడు. కిలోమీటరు పోయాక ఆపి, గీత మారిందేమో చూద్దామని రెండో ఫొటో తీశాడు. కెమెరా వెనక చిన్న తెర మీద, గాలి ఎటు వాలుతోందో ఒక ఎర్రటి ముల్లు చూపిస్తుంది. ఆ ముల్లు మొదటిసారి వన్నూరుపల్లి గుడి గోపురం మీద ఉంది. ఇప్పుడు కొద్దిగా ఎడమకు జరిగింది. కంటి పొరపాటేమోనని మళ్లీ తీశాడు. మరికొంచెం జరిగింది. గాలి తన తల్లి ఇంటి మీదికి పోవడం లేదు. మళ్లీ తోలాడు, మళ్లీ ఆపాడు, నాలుగోది తీశాడు. దీపం కాలిపోతున్న వాసన వేసింది. లెక్క చేయలేదు. ప్రతి ఫొటోకూ ముల్లు ఊరి నుంచి ఇంకాస్త తప్పుకుంటోంది. తప్పుకున్నది చూసేకొద్దీ ఇంకొకటి తీసి రూఢి చేసుకోవాలనిపించింది. ఐదు, ఆరు, ఏడు. ఏడోదానికి వన్నూరుపల్లి తెరలో లేనే లేదు. అతను జీపు బానెటు మీద చేతులు పెట్టి, తల దాచుకుని ఏడ్చాడు. అది సంతోషం. ఆ తర్వాత ఎన్ని ఏళ్లు గడిచినా, ఆ నిమిషం తాను సంతోషించాననే విషయం అతను మరిచిపోలేకపోయాడు.

తల ఎత్తి, ముల్లు ఇప్పుడు ఎటు చూపిస్తోందో చూశాడు. శశిరేఖకు ఫోను చేశాడు. టవరు పడిపోయి ఉంది. రేడియోలో భ్రమరాంబ హొన్నాపురం, హొన్నాపురం అని అరుస్తోంది. ఒకేసారి ఆరు ఫొటోలు వచ్చిపడేసరికి ఆమె ముందున్న కంప్యూటరుకు కొత్త గీత గీయడానికి పదకొండు నిమిషాలు పట్టింది. అప్పటికి చేయగలిగింది ఏమీ లేదు.

బడి కాంక్రీటు గది పైకప్పు లేచి, పక్కకు పడింది. లోపల ఉన్నవాళ్లలో నలభై ముగ్గురు పోయారు. వాళ్లలో ముప్పై ఒక్కరు వన్నూరుపల్లి నుంచి మొదటి ట్రాక్టరులో వచ్చినవాళ్లు. వెనక ట్రాక్టర్లలో ఉన్నవాళ్లు ఇంకా దారిలోనే ఉండి బతికిపోయారు. శశిరేఖ గుమ్మంలో దొరికింది. తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడిందని బతికినవాళ్లు చెప్పారు. వన్నూరుపల్లిలో పెంకు కూడా కదలలేదు. ఆ సాయంత్రమే ఉలిగమ్మ పెద్దెనుము దూడను ఈనింది.

ముందస్తు లెక్క తప్పిందని పత్రికలు రాశాయి. భ్రమరాంబ తప్పు తనదేనని విలేకరుల ముందు ఒప్పుకుంది. కంబగిరి ఉరవకొండ ఇంటికి తాళం వేసి తల్లి దగ్గరికి వచ్చాడు. మూడు నెలలు గడప దాటలేదు. ఉలిగమ్మ వండిపెట్టేది, అతను తినేవాడు. కోడలి పేరు ఇద్దరిలో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు.

ఆగస్టులో భ్రమరాంబ మనిషిని పంపింది. కంబగిరి మిల్లుకు పోయేసరికి ఆమె చిక్కి సగమై ఉంది. మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీయకుండా బల్ల మీద ఉంది. ఆమె గోడకు అంటించిన పద్నాలుగు పాత గీతలు చూపించింది. అరకిలోమీటరు తేడా అన్నింటిలోనూ ఉంది. ఇన్నాళ్లూ ఆమె గమనించనిది ఒకటే. గాలి తప్పిన ప్రతిసారీ, కెమెరా ఉన్న దిక్కు నుంచి అవతలి దిక్కుకే తప్పింది.

అప్పుడు ఆమె అతన్ని వెనక గిడ్డంగిలోకి తీసుకుపోయింది. అక్కడ నాలుగు పెద్ద ఫ్యాన్లు ఒకదానికొకటి ఎదురు పెట్టి, మధ్యలో పత్తిదూది పొడి పోసి, మనిషంత ఎత్తు సుడిని పుట్టించింది. తెల్లగా, నిటారుగా, గిర్రున తిరుగుతూ అది ఒకేచోట నిలబడింది. పక్కన చిన్న కెమెరా ఉంది.

"నొక్కండి" అంది.

అతను నొక్కాడు. కంటికి ఏ వెలుగూ కనపడలేదు. తెల్లటి సుడి మాత్రం, ఎవరో భుజం మీద చేయి వేసి నెట్టినట్టు, కెమెరాకు అవతలి వైపుకు కొంచెం ఒరిగి, అక్కడే నిలబడి తిరిగింది. మళ్లీ వెనక్కి రాలేదు.

మెరుపు పోయిన దారిలో గాలి వేడెక్కుతుందనీ, ఒక వైపు పట్టు సడలుతుందనీ, అంత పెద్ద గాలి అంత చిన్న వేడికి ఒరుగుతుందని తాను కలలో కూడా అనుకోలేదనీ ఆమె చెప్పుకుపోయింది. కంబగిరి మీట మీద నుంచి వేలు తీయలేదు.

"ఒక్కటే తీసుంటే?" అన్నాడు.

"వన్నూరుపల్లి మీదే పోయేది. ఇళ్లు పడేవి. ఊళ్లో ఎవరూ లేరు."

"మా అమ్మ ఉండాది."

"ఉంది" అంది భ్రమరాంబ. "ఆమె ఒక్కరే ఉన్నారు."

ఫ్యాన్లు ఆపే దాకా ఇద్దరూ ఆ సుడిని చూస్తూ నిలబడ్డారు. ఈ విషయం ఇంకెవరికి తెలుసని అతను అడిగాడు. ఎవరికీ తెలియదంది. ప్రభుత్వానికి రాసి పంపక తప్పదనీ, కెమెరాను పగలగొట్టాలని అందులోనే రాస్తాననీ చెప్పింది. ఏడు ఫొటోలు ఎవరు తీశారో రాయనంది. రాయమన్నాడు కంబగిరి.

జవాబు తొమ్మిది రోజులకు వచ్చింది. అందులో చనిపోయినవాళ్ల ప్రస్తావన లేదు. ఒక్కో ఫొటోకు గాలి ఎన్ని డిగ్రీలు తిరుగుతుంది, దీపం పెద్దది చేస్తే ఇంకెంత తిరుగుతుంది అని రెండే ప్రశ్నలు ఉన్నాయి. వచ్చే వేసవికి ఇంతకు పదింతల దీపం పంపిస్తామనీ, దాన్ని పరీక్షించి చూడమనీ, విషయం బయటికి పొక్కకూడదనీ ఉంది. భ్రమరాంబ రాజీనామా రాసుకుని వారం రోజులు బ్యాగులో పెట్టుకు తిరిగింది. తాను పోతే వచ్చేవాడు రెండో ఆలోచన లేకుండా నొక్కుతాడని, ఇవ్వకుండా ఉండిపోయింది. అదే మాట చెప్పి కంబగిరినీ పనిలోకి రమ్మంది. అతను వచ్చాడు. మీట దగ్గర ఇంకొకడు ఉండడం కంటే తాను ఉండడమే నయమనుకున్నాడు.

తల్లికి చెప్పాలా వద్దా అని చాలా రోజులు కొట్టుమిట్టాడాడు. ఒక పొద్దున ఆమె పాలు పిండుతుంటే గుంజకు ఆనుకుని కూర్చుని మొత్తం చెప్పేశాడు. ఉలిగమ్మ చేతులు ఆగలేదు. పిండడం అయ్యాక చెంబు పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"అంటే నేను టాక్టరెక్కింటే నువ్వు ఆ రెండోది తీసుండవు."

"తీసుండను."

"శశి బతికుండు."

అతను గుంజ దగ్గర పడి ఉన్న గడ్డిపరక తీసి ముక్కలుగా తుంచాడు.

"నన్నెందుకు బతికిస్తివి నాయనా?" అంది. కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

మరుసటి వారం ఆమె ఎనుములనూ దూడనూ తన అన్న కొడుకుకు తోలిచ్చేసింది. రెండు చీరలు మూట కట్టుకుని, నడిచి హొన్నాపురం పోయింది. అక్కడ ఇళ్లు కూలిపోగా బతికినవాళ్లకు ప్రభుత్వం రేకుల షెడ్లు వేసింది. ఒక మూలన ఆమె చాప పరుచుకుంది. తల్లులు పోయిన పిల్లలకు స్నానాలు చేయించేది. మంచాన పడ్డ ముసలివాళ్లకు గంజి తాగించేది. వాళ్లకు ఆమె కంబగిరి తల్లి, చనిపోయిన టీచరమ్మ అత్త. అంతకు మించి తెలియదు. దుఃఖం పట్టలేక వచ్చిందనుకున్నారు.

కంబగిరి వారానికొకసారి పోయి చూసేవాడు. ఒకరోజు, వాళ్లకు నిజం చెప్పేద్దామా అని అడిగాడు. ఉలిగమ్మ చాటలో జొన్నలు చెరుగుతోంది.

"సెప్తే వాళ్లకు కోపమొస్తాది. ఆ కోపం మన మీద పోసుకుంటారు. నీకూ నాకూ బరువు తగ్గుతాది. వాళ్లకేమొస్తాదప్పా?" అంది. చాట పక్కన పెట్టి మళ్లీ అంది. "ఒకటి మాత్రం ఇను. ఇంకెప్పుడూ నా ప్రాణం సూసుకొని దాన్ని నొక్కాకు. నేను ఎదురుగా ఉన్నా సరే."

అతను సరేనన్నాడు.

మరుసటి ఏడాది వేసవి వచ్చేసరికి సైరను మాట వినే ఊరు ఒక్కటీ మిగలలేదు. ఇళ్లలో ఉన్నవాళ్లు బతికారు, ఊరు వదిలి పోయినవాళ్లు చచ్చారు అని జనం కళ్లారా చూశారు. శశిరేఖలాగా గడప గడపకూ తిరిగి చెప్పేవాళ్లు లేరు. ఏప్రిల్లో రెండుసార్లు సైరను మోగింది. ఎవరూ కదలలేదు. రెండుసార్లూ గాలి పొలాల మీద పోయింది కాబట్టి సరిపోయింది. పెద్ద దీపం అమర్చిన కెమెరా అప్పటికింకా రాలేదు. మే మొదట్లో లారీలో వచ్చింది.

మే ఇరవై రెండున, నాలుగు గంటలు కావస్తుండగా, పడమట మళ్లీ దిగింది. మునుపటి ఏడాదిదానికంటే లావు. ఈసారి కంబగిరి జీపు గాలికి ఉత్తరం వైపున ఉంది. భ్రమరాంబ పక్కనే ఉంది. మిల్లులో కూర్చుంటే ఆలస్యమవుతుందని కంప్యూటరును ఒళ్లో పెట్టుకుని వచ్చింది. మెరుపు వదలకుండా పాత పద్ధతిలో దూరం, వేగం కొలిచి ఆమె గీత గీసింది. అంత కచ్చితం కాదు గాని, ఈసారి అంత కచ్చితంగా ఉండనవసరం లేదు. ఎదురుగా బోడి మైదానంలో హొన్నాపురం రేకులు ఎండకు తళతళలాడుతూ కంటికి కనిపిస్తున్నాయి. గాలి వాటివైపే నడుస్తోంది.

పదిహేను నిమిషాలంది భ్రమరాంబ. సైరను మోగించారు. కంబగిరి తల్లికి ఫోను చేశాడు. ఆమె వగరుస్తూ ఎత్తింది.

"అమ్మా, మీ మీదికే వస్తాండాది. కాలువలోకి దిగండి. నీళ్లు లేవు, లోతుగా ఉంటాది. అందర్నీ పిల్చుకొని దిగు."

"అదే పన్లో ఉండా. కదల్రంటే కదల్రు ఈ జనం. ఒక్కొక్కరి జుట్టు పట్టుకొని లాగుతాండా."

"అమ్మా..."

"ఫోను పెట్టేయప్పా. నాకు పనుండాది."

అతను కెమెరా వెనక నిలబడ్డాడు. గురి దానంతటదే కుదిరింది. చేతికి అలవాటైన పని. ఇక్కడి నుంచి నొక్కితే గాలి దక్షిణానికి ఒరుగుతుంది. దక్షిణాన వన్నూరుపల్లి ఉంది. ఆరువందల మంది, సైరను విని కూడా తలుపులేసుకుని ఇళ్లలో కూర్చున్నవాళ్లు. రెండు ఊళ్లకూ మధ్య మూడు కిలోమీటర్ల ఖాళీ పొలం ఉంది.

"ఒకసారి నొక్కితే పొలాల్లో దిగుతాదా మేడం?"

భ్రమరాంబ తెర మీద నుంచి తల ఎత్తలేదు. ఈ దీపం ఎంత తిప్పుతుందో ఎవరూ కొలవలేదని చెప్పింది. పొలాల్లోకి పోవచ్చు. పొలాలు దాటి వన్నూరుపల్లి మీదికీ పోవచ్చు. తనకు తెలియదంది. నొక్కమనలేదు, వద్దనలేదు.

కంబగిరి వేలు మీట మీద పెట్టాడు. కెమెరా కంట్లోంచి షెడ్లు పెద్దగా కనిపించాయి. మనుషులు చీమల్లా బయటికి వస్తున్నారు. కాలువ వైపు పోతున్నారు. ఒకరు మాత్రం అందరికీ ఎదురుగా షెడ్ల వైపు పోవడం, లోపలికి దూరడం, ఎవరినో లాక్కుని బయటికి రావడం, మళ్లీ లోపలికి పోవడం కనిపించింది. అంత దూరం నుంచి చీర రంగు కూడా తెలియదు. అయినా అతనికి తెలిసింది.

మొదటిసారి ఏడుసార్లు ఆలోచించకుండా నొక్కిన వేలు అది. ఇప్పుడు తల్లి కోసం నొక్కాలనిపిస్తోందా, జనం కోసం నొక్కాలనిపిస్తోందా అని తనను తాను ప్రశ్నించుకున్నాడు. తేల్చుకోలేకపోయాడు. ఆపుతున్నది తల్లికిచ్చిన మాటా, ఆరువందల మందా, ఉత్త భయమా అన్నది కూడా తేలలేదు. ఆ సందేహంలోనే పన్నెండు నిమిషాలు గడిచాయి. అతను నొక్కలేదు.

గాలి షెడ్ల మీదికి ఎక్కింది. రేకులు పక్షుల గుంపులా లేచాయి. భ్రమరాంబ చీర కొంగు నోట్లో కుక్కుకుని కళ్లు మూసుకుంది. కంబగిరి కళ్లు మూసుకోలేదు.

హొన్నాపురంలో ఆ రోజు నూట ఎనభై మంది ఉన్నారు. నూట డెబ్బై ఒక్కరు కాలువలో బోర్లా పడుకుని బతికారు. మంచాన పడ్డ ముసలివాళ్లు ముగ్గురూ, కదలనని మొండికేసినవాళ్లు ఐదుగురూ, ఉలిగమ్మా పోయారు. ఆమె ఆరుసార్లు లోపలికి పోయి ఆరుగురిని బయటికి తెచ్చిందనీ, ఏడోసారి రాలేదనీ కాలువలో ఉన్నవాళ్లు చెప్పారు. చెబుతూ ఏడ్చారు. ఆమె శవాన్ని కాలువ గట్టు దాకా వాళ్లే మోసుకొచ్చారు. కంబగిరి అక్కడే పూడ్చాడు.

తాను నొక్కి ఉంటే ఆ గాలి పొలాల్లో దిగేదా, వన్నూరుపల్లి మీద దిగేదా అన్నది లెక్క వేస్తే తేలుతుందని అతనికి తెలుసు. భ్రమరాంబ ఆ లెక్క వేసిందో లేదో అతను అడగలేదు. వేసినా ఆమె చెప్పలేదు.

నాలుగో రోజు పొద్దున మిల్లు ముందు ఒక ట్రాక్టరు ఆగింది. వన్నూరుపల్లి నుంచి ఇరవై మంది దాకా దిగారు. ముందు తిప్పేస్వామి ఉన్నాడు. ఊళ్లో పెద్దమనిషి. నిరుడు బడి గదిలో కొడుకునూ కోడలినీ పోగొట్టుకున్నవాడు. చేతిలో కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, పూలదండ ఉన్నాయి. కంబగిరి బయటికి వచ్చాడు.

గాలి మళ్లీ తమ ఊరి పక్కనుంచే వచ్చి కూడా, తమ జోలికి రాకుండా పోయిందని తిప్పేస్వామి చెప్పాడు. పోయినసారి కంబగిరి కెమెరా పట్టుకుంటే ఊరు నిలిచింది, ఈసారీ నిలిచింది. ఊరంతా ఒక మాట అనుకుని, కెమెరాకు కాయ కొట్టి పోదామని వచ్చారు.

"నేను తియ్యలేదప్పా" అన్నాడు కంబగిరి. "ఈసారి ఫొటోనే తియ్యలేదు."

"తియ్యకుంటే అంత పెద్ద గాలి మనూరిని ఇడిసి యాలప్పా పోతాది?"

కంబగిరి జీపు దగ్గరికి పోయి కెమెరా వెనక తెర వెలిగించి చూపించాడు. తెర ఖాళీగా ఉంది. ఒకరి తర్వాత ఒకరు వంగి చూశారు. వాళ్లకు ఆ ఖాళీలో ఏమీ అర్థం కాలేదు. ఆడవాళ్లు దండం పెట్టుకున్నారు. ఒకామె కెమెరా మూతికి పసుపు రాసి కుంకుమ పెట్టింది. భ్రమరాంబ మిల్లు గుమ్మంలో నిలబడి చూస్తోంది.

తిప్పేస్వామి కాయను జీపు ముందు చక్రం పక్కన రాయి మీద కొట్టాడు. నీళ్లు చక్రం మీద చిలకరించాడు. ఒక చెక్క తెచ్చి కంబగిరి చేతిలో పెట్టి, ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకున్నాడు. అతని కళ్లల్లో నీళ్లు ఉన్నాయి.

"మీ అమ్మ సంగతి విని ఊరంతా బాధపడినాం" అన్నాడు. "మనూర్లోనే ఉండింటే బతికుండునప్పా ఆయమ్మ. నువ్వు సూసుకుంటాంటివి గదా."

వాళ్లు ట్రాక్టరెక్కి పోయారు. మట్టి రోడ్డు మీద దుమ్ము లేచి, చాలాసేపటికి గాని అణగలేదు. కంబగిరి కొబ్బరిచెక్క చేతిలో పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మని భ్రమరాంబ రెండుసార్లు పిలిచింది. అతను కదలలేదు.